కర్త లేని ఊరు

ప్రతి ఊరికీ ఒక కౌన్సిలర్ ఉండాలి. ఆయనే పుస్తకాల ఎడిటర్ కూడా అయ్యుండాలి. ఊరి చరిత్ర రాసేది కూడా ఆయనే అయితే, ఇక ఆ జనం పెట్టి పుట్టారన్నమాటే! మాకు ఆ అదృష్టం పట్టింది. నమ్మరా? ఆయన ఆఫీసులో పన్నెండేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నవాణ్ణి, నా మాట నమ్మండి.

కంచే చేను మేస్తే ఎలా అని సణిగేవాళ్లుంటారు. ఎంత మేసిందో కంచె కంటే బాగా ఎవరికి తెలుస్తుందండీ? చరిత్రకు అంతకన్నా నమ్మకమైన సాక్షి దొరుకుతాడా?

పొద్దున వార్డులో ఒక పని చేస్తారు. మధ్యాహ్నం దాన్ని చరిత్రలోకి ఎక్కిస్తారు. సాయంత్రం ఎర్ర పెన్నుతో దిద్దుతారు. మిగతా ఊళ్లలో ఈ పనులకు ముగ్గురుండి, మూడు మాటలు చెప్పి, కొట్టుకు చస్తారు. మాకా గొడవే లేదు!

ఆయన వ్యాకరణం మరీ గొప్పది. "భాష మెత్తగా ఉండాలయ్యా," అంటారు. అందుకే మా ఊళ్లో ఎవరూ ఏదీ పగలగొట్టరు. పైపులు పగులుతాయి. ఫైళ్లు పోతాయి. చెట్లు ఒరుగుతాయి. వేసిన మూడో వారానికి రోడ్డు దానంతటదే లేచిపోతుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు. కొత్త భవనం దగ్గరికొచ్చేసరికి మాత్రం "కౌన్సిలర్ గారు నిర్మించారు" అంటూ కర్త ఠంచనుగా హాజరవుతాడు!

ఈ మధ్య మా టీచరమ్మ ఒక రాతప్రతి తెచ్చారు. బడిలో నాకు వ్యాకరణం చెప్పినావిడ. బోర్డు మీద వాక్యం రాసి, "కర్త ఎవర్రా?" అని అడిగేవారు. వీధి చివర చదువుల గదిని ముప్పయ్యేళ్లు నడిపారు. కుంటి బల్ల, ఊగే కుర్చీలు, కావలసినంత వెలుతురు. అక్కడ చదువుకునే నేనూ ఇంతవాణ్ణయ్యాను. ఇప్పుడా గది లేదు. ఆ చోట మా ఆఫీసుంది. ఆ గది కథనే ఆవిడ తొమ్మిదేళ్లు కూర్చుని రాశారు.

"ఎన్ని పేజీలైనా కోసుకో, ఏమీ అనను," అన్నారు నాతో. "ఆ ఒక్క వాక్యం జోలికి మాత్రం పోకురా. అది పోతే నా ముప్పయ్యేళ్లూ పోయినట్టే."

ఆ వాక్యం ఇదీ: "చదువుల గదిని కౌన్సిలర్ గారు కూల్చారు."

ఎడిటర్ గారు చదివారు. చరిత్రకారుడు గారు ఆలోచించారు. కౌన్సిలర్ గారికి దగ్గొచ్చింది. "కూల్చారు... వినడానికి కాస్త మోటుగా లేదూ?" అని, ఎర్ర పెన్ను నా ముందు పెట్టి వెళ్లిపోయారు. ఆయన చెయ్యి కాగితానికి తగల్లేదు సుమా! సంస్కారమంటే అదీ.

పుస్తకం అచ్చయింది. "చదువుల గది కూలింది. ఆ స్థలంలో కౌన్సిలర్ గారు భవనం నిర్మించారు." ఎంత పొందికగా ఉందో చూడండి! అట్ట మీద గ్రంథకర్తగా ఆయన పేరు. టీచరమ్మ పేరూ ఉంది, కృతజ్ఞతల్లో, కాగితం సరఫరా చేసినాయన తర్వాత. లోపల ఎంత వెతికినా దొరకని కర్త అట్ట మీదైనా దొరికాడు, సంతోషించొద్దూ?

నిన్న టీచరమ్మ ఆఫీసుకొచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు. ఆ పేజీ తీసి నా ముందు పెట్టారు.

"ఇది ఎవరు మార్చార్రా?"

పన్నెండేళ్ల అనుభవం ఊరికే పోతుందా?

"మారిందండీ," అన్నాను.

ఆవిడ పుస్తకం మూసేశారు. "వ్యాకరణం బాగానే వంటబట్టిందిరా. నేర్పింది మాత్రం నేను కాదు," అని, పుస్తకం నా బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయారు.

ఎర్ర పెన్ను ఇంకా నా దగ్గరే ఉంది. ఒక్క దిద్దుబాటు చేసి ముగిస్తాను. చదువుల గదిని మొదటిసారి కౌన్సిలర్ గారు కూల్చారు. రెండోసారి నేను కూల్చాను.