పదహారు రోజుల పచ్చికాయ

‘నువ్వు ఇంకా రెడీ కాలేదు’ అని ఎవరైనా మీ మొహం మీదే అంటే దయచేసి నొచ్చుకోకండి. ఆ మహానుభావుడి చేతులు పట్టుకుని కళ్ళకద్దుకోండి! మనిషికి మనిషి చేయగలిగిన మేళ్ళలో అంతకు మించినది లేదు.

ఈ సత్యం నాకు అరవై ఆరో ఏట బోధపడింది. మా ఎల్క్ ఫెర్రీ పత్రికలో నేను ముప్పై ఏళ్ళుగా బురద తాబేళ్ళ గురించి రాస్తున్నాను. నవ్వకండి, అది మా ఊరి బేస్‌బాల్ జట్టు పేరు. మహానగరంలో, మేజర్ లీగులో ఆడే పెద్ద క్లబ్బు ఒకటుంది. దానికి మేం ఒక మెట్టు కింద. అక్కడికి వెళ్ళాల్సిన ఆటగాళ్ళను ఇక్కడ గడ్డిలో పెట్టి మాగబెడతారు. మాగాక పైకి పంపుతారు. నేను మూడో బేస్ వెనక పదమూడో వరుసలో కూర్చుని, ఏ కాయ ఎంతవరకు వచ్చిందో చెబుతూ జీతం తీసుకుంటాను.

ఈ ఏటి కాయ యోర్ఫ్రి మెరాన్. ఇరవై మూడేళ్ళవాడు. డొమినికన్ రిపబ్లిక్‌లోని బానీ నుంచి వచ్చాడు. నిరుడు మా దగ్గర ముప్పై ఒక్క హోమ్ రన్లు కొట్టాడు. అందులో ఒకటి గోడ దాటి, రోడ్డు దాటి, పళ్ళ డాక్టరు గారి కిటికీ దాటి, లోపల కూర్చున్న ఒకావిడకు మందు లేకుండానే పంటినొప్పి మరిపించింది. మార్చిలో పెద్ద జట్టుతో కలిసి ప్రాక్టీసు ఆటలు ఆడాడు. పేరుమోసిన పిచ్చర్లు వేసిన బంతులు అక్కడ ఎటు పోయాయో ఇప్పటికీ వెతుకుతున్నారట.

ఇలాంటివాణ్ణి చూసి నాలాంటి అర్ధజ్ఞాని ఏమనుకుంటాడు? రెడీ అనుకుంటాడు!

అందుకే క్లబ్బులకు డైరెక్టర్లు ఉండేది. పెద్ద క్లబ్బులో ఆటగాళ్ళ అభివృద్ధి శాఖకు క్లిఫర్డ్ వెంట్‌జెల్ గారు డైరెక్టరు. సీజన్ మొదలయ్యే ముందు రోజు ఆయన విలేఖరులను పిలిచి, కాఫీ ఇచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు.

“కొట్టడం సంగతి సరేనండీ. ఎడమ ఫీల్డులో కుర్రాడింకా నలగాలి. బంతి గాల్లోకి లేవగానే దాన్ని పట్టుకోవడానికి వేసే మొదటి అడుగుంది చూశారూ, అదే తేడాగా పడుతోంది. ఇంకా రెడీ కాలేదు. తొందరపడి వాడి జీవితం పాడుచేస్తామా చెప్పండి!”

కన్నతండ్రి కూడా ఇంత ఆలోచించడు. యోర్ఫ్రిని సామాను సర్దించి మా తాబేళ్ళలోకి దింపారు.

గిట్టనివాళ్ళు అన్నిచోట్లా ఉంటారు. వాళ్ళు ఒక లెక్క చెబుతారు. సీజన్ నూట ఎనభై ఏడు రోజులు. అందులో నూట డెబ్భై రెండు రోజులు మేజర్ లీగులో ఉన్నవాడికి ఒక సంవత్సరం సర్వీసు రాస్తారు. అలా ఆరు సంవత్సరాలు పూర్తయితే ఆటగాడు తనకు నచ్చిన జట్టుకు పోవచ్చు. అంతవరకు ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చోవాలి. మొదట్లోనే పదహారు రోజులు కింద ఉంచేస్తే మిగిలేవి నూట డెబ్భై ఒకటి. ఒక్క రోజు తక్కువ! ఆ ఒక్క రోజుతో కుర్రాడు క్లబ్బు గుప్పిట్లో ఇంకో ఏడాది ఉంటాడు. ఇరవై తొమ్మిదో ఏట రావాల్సిన స్వేచ్ఛ ముప్పయ్యో ఏట వస్తుంది.

ఛీ ఛీ! ఎంత నీచమైన ఆలోచన! వెంట్‌జెల్ గారి కంట్లో తడి చూసినవాళ్ళెవరూ ఈ మాట అనరు. నేను చూశాను. కాఫీ వేడిగా ఉందన్నది వేరే విషయం.

అసలు ఈ పద్ధతి బేస్‌బాల్‌కే ఎందుకు పరిమితం కావాలి? మీ ఇల్లు తగలబడుతోందనుకోండి. ఫైరింజన్ వీధి చివర ఆగి, “మంట బాగానే ఉందండీ, కానీ ఇంకా పూర్తిగా రెడీ కాలేదు” అంటే ఎంత నిబ్బరంగా ఉంటుంది! చర్చిలో పెళ్ళికూతురు ఉంగరం కేసి చూసి, “కుర్రాడు మంచివాడే, పదహారు రోజులు చూద్దాం” అంటే ఎన్ని కాపురాలు నిలబడతాయి! నేనూ ఇంట్లో అమలుపెట్టి చూశాను. గిన్నెలు తోమడానికి నేనింకా రెడీ కాలేదని మా ఆవిడ మెరిబెత్‌తో చెప్పాను.

“అలాగా? మరి తినడానికి ఎప్పుడు రెడీ అయ్యారు?” అంది.

గొప్ప సిద్ధాంతాలు ఇళ్ళలో చెల్లవు. గిన్నెలు తోమాను.

మా ఎల్క్ ఫెర్రీలో మార్చి ఆఖరున కూడా మంచు పడుతుంది. మొదటి ఆట రోజున నా పక్క కుర్చీ మీది మంచును ఒకావిడ చేత్తో తుడుచుకుని కూర్చుంది. రెండు కోట్లు, మూడు మఫ్లర్లు, మధ్యలో రెండు కళ్ళు. యోర్ఫ్రి అక్క నిడియా. బానీలో ఆసుపత్రి నర్సు. తల్లి పోయాక వాణ్ణి పెంచింది ఆవిడే. తమ్ముడు మేజర్ లీగు గ్రౌండులో మొదటిసారి అడుగుపెట్టడం చూడాలని రెండేళ్ళుగా సెలవు దాచుకుని పదిహేను రోజులకు వచ్చింది. మహానగరంలో దిగాల్సిన మనిషి మా మంచులో దిగింది.

డొమినికన్ దీవిలో పది శీతాకాలాలు ఆటలు చూస్తూ గడిపినవాణ్ణి, నాకు వాళ్ళ స్పానిష్ వచ్చు. వెంట్‌జెల్ గారి గొప్పతనం ఆవిడకు విడమరచి చెప్పాను.

“మొదటి అడుగు సరిగ్గా పడట్లేదా?” అంది నిడియా. “వాడి మొదటి అడుగు సంగతి నన్నడగమనండి ఆయన్ని. నా వేలు పట్టుకునే వేశాడు. నీళ్ళ డబ్బా మూతలు నేను విసిరితే చీపురుకర్రతో కొట్టేవాడు. మూత ఎటు తిరుగుతుందో దానికే తెలియదు, వీడికి తెలిసేది!”

“అది కొట్టడం కదమ్మా. మనం మాట్లాడేది పట్టుకోవడం గురించి.”

“పట్టుకోవడంలో వాడు కొంచెం మొద్దేలెండి” అని ఒప్పుకుంది. “ఇదేమన్నా కొత్తా? చిన్నప్పట్నుంచీ అంతే. పదిహేను రోజుల్లో పోతుందా అది?”

పోతుందమ్మా! పదిహేనులో పోదు, పదహారులో పోతుంది. సైన్సు అది!

అప్పటినుంచి కుర్రాడు పట్టుదల పట్టాడు. రోజూ పొద్దున్నే అందరికంటే ముందొచ్చి గాల్లోకి బంతులు వేయించుకుని పట్టుకునేవాడు. ఆరో రోజున గోడకు గుద్దుకుని మరీ ఒకటి పట్టాడు. వెంటనే వెంట్‌జెల్ గారి శాఖ నుంచి కబురొచ్చింది: అడుగు మెరుగైంది, కానీ చలిలో ఆడే అనుభవం చాలదు. ఎనిమిదో రోజున మంచులోనే రెండు హోమ్ రన్లు కొట్టాడు. మళ్ళీ కబురు: నాయకత్వ లక్షణాలు కనబడాలి. పదో రోజున బస్సు మంచులో కూరుకుపోతే ముందు దిగి తోసింది వాడే. ఈసారి కబురు: బస్సులూ అవీ తోయకూడదు, నడుం పట్టేస్తుంది, ఇంకా పరిణతి రావాలి.

చివరికి కుర్రాడు మా తాబేళ్ళ కోచ్ డచ్ ఓబర్లే దగ్గరకెళ్ళి టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నేను అక్కడే ఉన్నాను.

“కోచ్, నేనింకా ఏం నేర్చుకోవాలో చెప్పండి. రాత్రికి రాత్రి నేర్చుకుంటాను. అక్క పదో తారీకున వెళ్ళిపోతుంది.”

డచ్ నోట్లోని పొద్దుతిరుగుడు గింజల తొక్కలు ఉమ్మి, బూట్ల కేసి చూసుకున్నాడు. “నేర్చుకునేదేం లేదురా నాయనా. పన్నెండో తారీకుకు దానంతట అదే వచ్చేస్తుంది.”

ఇంతలో ఒక చిన్న పొరపాటు జరిగింది. మా దేశంలో క్లబ్బులు ఆట చూడ్డానికి వచ్చినవాళ్ళకు ఆటగాళ్ళ తలాడించే బొమ్మలు పంచుతాయి. మెడలో స్ప్రింగు ఉంటుంది, తట్టినప్పుడల్లా తల ఊపుతుంది. ఏ రోజున ఎవరి బొమ్మ పంచుతారో జేబులో పట్టే ఆటల పట్టికలో ముందే అచ్చేస్తారు. పెద్ద క్లబ్బు పట్టికలు మా ఊరి పెట్రోలు బంకుల్లో కూడా ఊరికే ఇస్తారు. నిడియా మఫ్లరు కొనుక్కోవడానికి బంకుకెళ్ళి, అది కూడా పట్టుకొచ్చింది.

“ఏమండీ, ఇది మా వాడేనా? లేక నాకు చలికి కళ్ళు పోయాయా?”

చూశాను. ఏప్రిల్ పదమూడు, ఆదివారం, మొదటి పదివేలమందికి యోర్ఫ్రి మెరాన్ తలాడించే బొమ్మ ఉచితం. ఒంటి మీద మేజర్ లీగు యూనిఫారం. పట్టిక కింద మూల అచ్చయిన నెల జనవరి.

నాకు ఒళ్ళు పులకరించింది. చూశారా దూరదృష్టి! కుర్రాడు మార్చిలో బ్యాటు పట్టకముందే, జనవరిలోనే, వాడు ఏ వారాంతానికి మాగుతాడో ఘడియలతో సహా ముహూర్తం పెట్టేశారు! పంచాంగం రాసేవాళ్ళు కూడా ఒకటికి రెండుసార్లు చూసుకునే పని ఇది. ఆనందం పట్టలేక వెంట్‌జెల్ గారికి ఫోను చేశాను.

“బొమ్మలు ముందే ఆర్డరివ్వాలి కదండీ” అన్నాడాయన, ఏ మాత్రం తొట్రుపడకుండా. “బొమ్మ రెడీ. మనిషే కాలేదు.”

“పోనీ మనిషిని ఒక్క మూడు రోజులు ముందు పంపకూడదా? అక్కగారు సముద్రం దాటి వచ్చింది. ఒక్క ఆట చూసి వెళ్ళిపోతుంది.”

“చూడండీ, మాకు కుర్రాడి భవిష్యత్తు ముఖ్యం. ఇలాంటి సెంటిమెంట్లు పెట్టుకుంటే వాడే నష్టపోతాడు.”

ఇక్కడ నాకు ఒళ్ళు మండింది. క్షమించాలి, కృతజ్ఞతతో మండింది.

నిడియా బానీకి ఫోను చేసి సెలవు పొడిగించమని హెడ్ నర్సును మూడు రోజులు బతిమాలింది. డెంగ్యూ కేసులు ఎక్కువగా ఉన్నాయి, ఒక్క పూట కూడా కుదరదన్నారు. వాళ్ళ తప్పేముంది? ఆ ఆసుపత్రిలో రోగం రెడీ అయిందా లేదా అని ఆగే డైరెక్టరు లేడు. పదో తారీకు పొద్దున ఆవిడ విమానం ఎక్కింది. మఫ్లర్లు నాలుగూ మా మెరిబెత్‌కు ఇచ్చేసింది. తమ్ముడి మెడ మాత్రం చాలాసేపు వదల్లేదు.

పన్నెండో తారీకు శనివారం వెంట్‌జెల్ గారి ప్రకటన వచ్చింది: మెరాన్ రెడీ!

నేను నాలుగు గంటలు కారు నడుపుకుంటూ మహానగరానికి వెళ్ళాను. అంతటి పరిణామాన్ని కళ్ళారా చూడొద్దూ? మొదటి ఇన్నింగ్స్‌లోనే ఎడమ ఫీల్డులోకి బంతి ఎత్తుగా లేచింది. యోర్ఫ్రి మొదటి అడుగు వేశాడు. ముందుకు వేశాడు. బంతి వెనక్కి పోతోంది. తిరిగి పరుగెత్తి చెయ్యి చాచాడు. గ్లవ్‌లో పడ్డ బంతి పక్క ఊరికి పోయే బస్సు దొరికినట్టు దిగి వెళ్ళిపోయింది. నలభైవేలమంది “అయ్యో” అన్నారు. నాలుగో ఇన్నింగ్స్‌లో వాడు గోడకు తగిలేలా కొట్టి ఇద్దరిని ఇంటికి, అంటే పరుగు పూర్తయ్యే హోమ్ బేస్‌కు, చేర్చాడు. అదే నలభైవేలమంది లేచి నిలబడ్డారు.

ఆట అయ్యాక వెంట్‌జెల్ గారు మమ్మల్ని చుట్టూ నిలబెట్టుకుని, “మొదటి అడుగు ఎంత మారిందో గమనించారా?” అన్నాడు. అందరం రాసుకున్నాం. నేనూ రాసుకున్నాను.

ఆటగాళ్ళ గేటు దగ్గర యోర్ఫ్రి ఫోనులో మాట్లాడుతున్నాడు. నన్ను చూసి, రమ్మని, స్పీకర్ నొక్కాడు. అవతల నిడియా, వెనకాల ఆసుపత్రి గొడవ.

“వార్డంతా ఒకే టీవీ ముందు చూశాంరా! జ్వరాలవాళ్ళు కూడా లేచి కూర్చున్నారు. కానీ ఆ బంతేంట్రా, చేతికొచ్చింది జారవిడిచావు?”

“అవునక్కా, నాకదెప్పుడూ అంతే. పదహారు రోజుల ముందు పిలిచినా జారవిడిచేవాణ్ణే.” వాడు నవ్వబోయాడు, నవ్వు రాలేదు. “అప్పుడైతే నువ్విక్కడే ఉండి తిట్టేదానివి.”