పదమూడో ప్రశ్నకు సరైన జవాబు

యున్‌పింగ్ విశ్వవిద్యాలయంలో ఆరువందల పన్నెండు మంది రాసి, ఆరువందల పదకొండు మంది పాసైన 'ఉన్నత ఆంగ్ల శ్రవణ పఠన సాధన' ఆఖరి పరీక్షలో, విద్యార్థులకు హెడ్‌ఫోన్లలో వినిపించిన దాంట్లో ఒక్క ఇంగ్లీషు ముక్క కూడా లేదనీ, ఉన్నదంతా ఎవరో మగమనిషి పెట్టిన గురకేననీ జూన్ ఆరో తేదీ ఉదయం పదిన్నరకు బయటపడింది.

గురకలో వంక పెట్టడానికేమీ లేదు. మొత్తం ముప్పై అయిదు నిమిషాలు. ఎత్తుపల్లాలు స్పష్టంగా ఉన్నాయి. వేగం ఉన్నత స్థాయికి తగినట్టే ఉంది. విచారణ సంఘం సభ్యులు మొదటి నాలుగు నిమిషాలు తల పంకిస్తూ విన్నారు. అయిదో నిమిషంలో డీన్ ఔయాంగ్ గారు కళ్ళు తెరిచి, "ఇది అమెరికా ఉచ్చారణా, బ్రిటన్‌దా?" అని అడిగారు. ధ్వనిశాస్త్రం బోధించే ప్రొఫెసర్ మావ్ గారు కాసేపు ఆలోచించి, "స్కాట్లాండ్ వైపుదని నా నమ్మకం" అన్నారు.

స్పీకర్లు అమర్చి గోడ పక్కన నిలబడ్డ రేడియో గది తాన్ మేస్త్రీ గొంతు సవరించుకుని, "గురకండీ అది" అన్నాడు.

అలా బయటపడింది.

నేను ఆ సంఘానికి కార్యదర్శిని. పేరు షె. ఇంగ్లీషు విభాగంలో లెక్చరర్‌ని. పరీక్షనాడు హాల్లో ఇన్విజిలేటర్‌ని కూడా నేనే. కనుక జరిగినది జరిగినట్టు చెప్పే అర్హత నాకుంది.

ఆవేళ సంఘం కూర్చున్నది గురక కోసం కాదు. పెంగ్ చ్యూలిన్ అనే నాలుగో సంవత్సరం విద్యార్థిని కోసం. ఆ అమ్మాయి పరీక్ష మధ్యలో హెడ్‌ఫోన్లు పీకి బల్ల మీద పడేసి, హాలు వదిలి పరుగెత్తింది. మధ్యాహ్నం రెండు గంటల పంతొమ్మిది నిమిషాలకు. నా గడియారం చూసి నేనే రాశాను. పరుగెత్తే ముందు ఆమె చెయ్యెత్తింది. కూర్చోమని నేనూ చెయ్యెత్తాను. మర్యాదలు ఇరువైపులా పూర్తయ్యాకే ఆమె పారిపోయింది.

మధ్యలో లేచిపోయిన వారికి సున్నా. సున్నా వస్తే డిగ్రీ ఉండదు. డిగ్రీ లేకపోతే, పడమటి కొండల్లో వాళ్ళ ఊరి బడిలో ఆమెకు ఖాయమైన టీచరు ఉద్యోగం జూలై ఒకటిన జాబితాలో తర్వాతి వారికి పోతుంది. ఇందులో సందేహాలకు తావు లేదు. ఏ ప్రశ్న దగ్గర పారిపోయిందో నమోదు చెయ్యడం ఒక్కటే మిగిలింది. అందుకే ఆనాటి ప్రసారపు రికార్డు వినిపించమన్నారు. వినకపోయి ఉంటే అందరికీ బాగుండేది.

మా కోర్సు గురించి రెండు మాటలు చెప్పాలి. ఏడేళ్ళ కిందట మా వాళ్ళ శ్రవణ సగటు అరవై నాలుగు. ఈ ఏడు తొంభై ఒకటి. డీన్ గారు స్వయంగా రచించిన నాలుగు సంపుటాల సాధన గ్రంథమే దీనికి కారణమని డీన్ గారే ముందుమాటలో నిష్పాక్షికంగా ఒప్పుకున్నారు. విద్యార్థులు పొద్దున్న ఆరున్నరకే చెరువు గట్టున నిలబడి, తలో చెట్టు వైపు తిరిగి, ఆ గ్రంథాన్ని గొంతెత్తి చదువుతారు. చెట్లు బాగా పెరిగాయి. ఇక జవాబుల విషయానికొస్తే, చైనాలో చదువుకున్న ఏ బిడ్డకైనా ఉగ్గుపాలతో వచ్చే సూత్రం ఒకటుంది. ఇచ్చిన నాలుగు జవాబుల్లో మూడు పొడుగు, ఒకటి పొట్టి అయితే పొట్టిది గుర్తుపెట్టు. మూడు పొట్టి, ఒకటి పొడుగైతే పొడుగుది. ఎటూ తేలకపోతే 'సి'. ఈ సూత్రం వినికిడి మీద ఆధారపడదు. అందుకే చెవిటివాడికీ చెవులున్నవాడికీ సమాన న్యాయం చేస్తుంది. ప్రశ్నపత్రం తయారుచేసే మేమూ ఆ సూత్రంతోనే పాసై వచ్చాం కాబట్టి, పత్రం కూడా దానికి కట్టుబడే ఉంటుంది.

కిందటేడు పఠన పరీక్షలో తిమింగలాల మీది వ్యాసం అచ్చు కాలేదు. పేజీ తెల్లగా వచ్చింది. దాని కింది పది ప్రశ్నలకూ సగటున తొమ్మిది రాశారు. అచ్చాఫీసు వాడు క్షమాపణ చెప్పబోతే, కాగితం ఆదా చేసినందుకు డీన్ గారు వాణ్ణి మెచ్చుకున్నారు.

సరే, గురక. సంఘం వెంటనే రెండు తీర్మానాలు చేసింది. ఒకటి, ఫలితాలు సరైనవే. కాబట్టి ప్రసారమూ సరైనదే అయి ఉండాలి. రెండు, అయినప్పటికీ సరైన ప్రసారంలోకి గురకను చొప్పించిన దోషిని పట్టుకోవాలి. ప్రసారం వెలువడే రేడియో గది మీద అనుమానం ఎవరికీ రాలేదు. ప్రసారం సాగుతున్నంతసేపూ డీన్ గారి గదిలో ఎర్ర దీపం వెలగాలని నియమం. ఆరోజు దీపం ముప్పై అయిదు నిమిషాలూ వెలిగింది. దీపం వెలిగిన గది నిర్దోషి.

మర్నాటి నుంచి పరిశోధన మొదలైంది. విశ్వవిద్యాలయంలో పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా అందరూ పడుకుంటారు. ఆ వేళ నిద్రపోయేవాణ్ణి లేపడం శవాన్ని లేపడం కన్నా తప్పు. ఆ సమయంలో సిబ్బంది అందరి గురకలూ రికార్డు చేయించి సీల్డు కవర్లలో సమర్పించాలని ఉత్తర్వు వెళ్ళింది. మూడు రోజుల్లో ముప్పై ఒక్క గురకలు చేరాయి. గ్రంథాలయాధికారిణి తనకు గురక రాదని రాసిచ్చింది. ఆమె భర్త రెండో సాక్షిగా సంతకం పెట్టడానికి నిరాకరించాడు. వంటశాల పెద్ద తన గురక వ్యక్తిగత ఆస్తి అన్నాడు. డీన్ గారి హోదాకు గురక ఉండదు కనుక ఆయన నమూనా తీసుకోలేదు. తాన్ మేస్త్రీ ఒప్పందం మీద పనిచేసేవాడు, సిబ్బంది జాబితాలో పేరు లేదు. అందుకని అతని నమూనా తీసుకోలేదు సరిగదా, మిగతావాళ్ళవి రికార్డు చేసే పని అతనికే అప్పగించాం. గది గదికీ తిరిగి మంచాల పక్కన ఓపిగ్గా మైకు పట్టుకున్నాడు.

ప్రొఫెసర్ మావ్ గారు ముప్పై ఒక్కటీ విని, ఏదీ సరిపోలేదనీ, కానీ తనకు ఒక పరిశోధన పత్రానికి సరిపడా సామగ్రి దొరికిందనీ ప్రకటించారు.

జూన్ పదిహేనున ఆఖరి సమావేశం. మొదట తరగతి నాయకుడు యిన్ వీగాంగ్‌ను పిలిచాం. వాడికి తొంభై ఎనిమిది వచ్చింది.

"గురక వినబడిందా నీకు?" అని అడిగాను.

"వినబడింది మాష్టారూ."

"మరి చెప్పలేదేం?"

"చుట్టూ చూస్తే అందరూ టకటకా రాసేస్తున్నారు. నాకొక్కడికే అర్థం కావట్లేదని ఎలా చెప్పమంటారు? నాయకుణ్ణి కదా, పరువు పోదూ!" వాడు నా వైపు తిరిగి, "అయినా మీ చెవులకీ హెడ్‌ఫోన్లు ఉన్నాయిగా మాష్టారూ. మీరు మధ్యమధ్యలో తలూపారు కూడా" అన్నాడు.

ఈ ఆఖరి వాక్యం విచారణకు సంబంధం లేనిది కావడం వల్ల నేను నమోదు చెయ్యలేదు.

తర్వాత పెంగ్ చ్యూలిన్ వచ్చింది. సన్నటి పిల్ల. నీలం చొక్కా, భుజాన గుడ్డసంచీ. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఏమ్మాయ్, పవిత్రమైన పరీక్షామందిరాన్ని త్యజించి ఎందుకు పలాయనం చిత్తగించావు?" అన్నారు డీన్ గారు.

"ఊపిరి ఆగిందండి."

"ఎవరిది?"

"వింటున్నాం కదండీ, ఆయనది. గురక వస్తా వస్తా ఠక్కున ఆగింది. మా నాన్న లారీ నడుపుతాడండి. ఆయనా అంతే, నిద్రలో ఆగిపోతాడు. చిన్నప్పట్నుంచి ఆయన పక్కన పడుకుని లెక్కపెట్టేదాన్ని. పది దాటితే కుదిపేదాన్ని. ఆరోజు ఇరవై దాకా లెక్కపెట్టానండి. చెయ్యెత్తాను. మాష్టారు కూర్చోమన్నారు. ఇంక ఆగలేకపోయాను."

"ఎక్కడికి పరుగెత్తావు?"

"ఎక్కణ్ణుంచి వస్తోందో అక్కడికి."

"అక్కడ ఎవరున్నారు?"

ఆమె నేల చూపులు చూసింది. "పేరు అడగలేదండి. కుదిపాను. లేచారు. నీళ్ళిచ్చి, మళ్ళీ పక్కకి తిప్పి పడుకోబెట్టి వచ్చేశాను."

పేరు చెబితే శిక్ష తగ్గించే వీలుందని నేను సూచించాను. ఆమె సంచీ పట్టీ మెలితిప్పుతూ, "ఆ మనిషికి ఇంకో నాలుగు నెలల్లో పని ముగుస్తుందంట మాష్టారూ. సొమ్ము చేతికొచ్చే టైము. ఇప్పుడు నేను నోరు జారితే ఆయన బతికి ఏం లాభం?" అంది. తాన్ మేస్త్రీ అప్పుడే వంగి స్పీకరు తీగ సరిచేస్తున్నాడు. చాలాసేపు సరిచేశాడు.

డీన్ గారు ప్రశ్నపత్రం తెరిచారు. ఆయన గొంతులో కరుణ ఉట్టిపడింది.

"వక్త ఆగిపోయాడని నువ్వొక్కదానివే కనిపెట్టినట్టు మాట్లాడుతున్నావు. చూడు, పదమూడో ప్రశ్న. 'వక్త ఈ సందర్భంలో ఎందుకు ఆగాడు?' ఆరువందల పదకొండు మంది దీనికి జవాబు రాశారు. నువ్వు ఖాళీగా వదిలేశావు. వినడమంటే ఇదేనా? విన్నవాడు జవాబు గుర్తుపెడతాడమ్మా, పరుగెత్తడు! నీలాగే ప్రతివాడూ విన్నదానికల్లా లేచి పరుగెడితే పరీక్షలు ఏం కాను? దేశం ఏం కాను? ఒక మహత్తర విద్యాసౌధానికి పునాది శ్రవణమైతే, ఆ శ్రవణానికి పునాది కదలకుండా కూర్చోవడం!"

ప్రొఫెసర్ మావ్ గారు చప్పట్లు కొట్టారు. ఆమెకు సున్నా ఖాయం చేస్తూ, డిగ్రీ నిలిపివేస్తూ తీర్మానం రాశాను. దోషి దొరకనందున గురకను 'సహజ వాతావరణ ధ్వని'గా గుర్తిస్తూ ఇంకో తీర్మానమూ రాశాను. డీన్ గారు కలం మూత తీశారు. చ్యూలిన్ ఏడవలేదు. సంచీ భుజాన సర్దుకుంది.

అప్పుడు స్పీకర్లోంచి ఎవరో గట్టిగా ఊదారు. తాన్ మేస్త్రీ మైకు చేతిలోకి తీసుకున్నాడు. అతను చెప్పింది మాట పొల్లుపోకుండా కింద ఇస్తున్నాను.

"కలం కాస్త ఆపండి డీన్ గారూ. ఆ గురక నాది. సీల్డు కవర్లేం అక్కర్లేదు, ఇక్కడే పడుకుని వినిపిస్తాను కావాలంటే. ఏడేళ్ళ కిందట పరీక్ష రోజునే యంత్రం టేపు నమిలేసింది. బాగుచేయించమని పద్నాలుగు అర్జీలు పెట్టాను. 'దీపం వెలుగుతున్నది, ఫిర్యాదు నిరాధారం' అని పద్నాలుగుసార్లూ మీ ఆఫీసు నుంచే జవాబొచ్చింది. ఆ మొదటి ఏడు, టేపు పోయింది, పరీక్ష ఆపండి అని చెబుదామని మైకు వేశాను. మైకు వేస్తే దీపం వెలుగుద్ది. నోరు తెరిచేలోపు మీరే ఫోన్ చేశారు. 'దీపం వచ్చింది, ఇంక దేన్నీ ముట్టుకోకు' అన్నారు. ముట్టుకోలేదు. పడుకునే వేళ, చేతిలో పనిలేదు, కన్నంటుకుంది. లేచేసరికి సగటు అరవై నాలుగు నుంచి డెబ్బై ఎనిమిదైంది. మీకు రాష్ట్రం నుంచి ఆదర్శ కోర్సు ఫలకం వచ్చింది. నాకు పట్టు దుప్పటి ఇచ్చారు. 'వచ్చే ఏడు కూడా ఇదే నాణ్యత ఉండాలి తాన్' అన్నారు. ఉంచాను. ఏడేళ్ళూ ఆ దుప్పటే కప్పుకుని పడుకున్నాను.

"తప్పు నాదే, ఒప్పుకుంటున్నా. నా నాలుగు నెలలూ నా సొమ్మూ తీసేసుకోండి. కాకపోతే ఒక్కటి తేల్చండి. నేను దోషినైతే ఏడేళ్ళ మార్కులూ దొంగవే, మీ వెనక గోడ మీది ఫలకం దింపించాలి. నిచ్చెన తెమ్మంటే తెస్తాను. నేను దోషిని కాకపోతే నేను చేసింది పాఠమే, ఆ పాఠం విన్నది ఈ పిల్లొక్కతే. మార్కులు దానికెయ్యండి.

"ఆసుపత్రిలో చెప్పారు, ఇంకాసేపైతే పోయేవాణ్ణంట. ఆరువందల పన్నెండు మంది చెవుల్లో పోయేవాణ్ణి. నిన్న ప్రశ్నపత్రం చూశాను డీన్ గారూ. నాకు ఇంగ్లీషు రాదు, యిన్‌తో చదివించుకున్నాను. 'వక్త ఎందుకు ఆగాడు?' దానికి 'సి' ఏమిటో తెలుసా? 'శ్రోతలు ఆలోచించుకోవడానికి.' నేను ఊపిరందక గిలగిల్లాడుతుంటే ఆరువందల పదకొండు మందీ 'సి' గుర్తుపెట్టారు. సరైన జవాబేనంట. ఒక్కొక్కరికీ పూర్తి మార్కులు వేశారు. రాసుకోండి షె మాష్టారూ, తలూపింది చాలు."