ప్యానెల్ కనబడుటలేదు

పెళ్లయి పాతికేళ్లు నిండిన రోజు ఉదయం సమాధానం ఒకే ఒక్క పని పెట్టుకున్నాడు. పెళ్లి ఫోటోలన్నీ కంప్యూటరులో వరసగా పేర్చి, మధ్యాహ్నం ఇంట్లో జరిగే కృతజ్ఞతా కూడికలో చుట్టాలందరికీ చూపించడం. అరగంట పని. ఆ తర్వాత స్నానం చేసి కొత్త చొక్కా తొడుక్కోవడమే.

కాకపోతే ఆ 'చుట్టాలందరూ' అనే మాట దగ్గరే చిక్కొచ్చి పడింది. పాతికేళ్ల కిందట నవంబరులో, సరిగ్గా వాళ్ల పెళ్లినాడే తుఫాను వచ్చింది. చర్చిలో పెళ్లికొడుకు, పెళ్లికూతురు, పాస్టరు గారు, తడిసి ముద్దయిన నలుగురు చుట్టాలు, మిగతావన్నీ ఖాళీ బల్లలు. ఆ లోటు అతని భార్య ఎలిశబెతు మనసులో అలాగే ఉండిపోయింది. "ఈసారైనా ఇల్లు నిండాలండీ" అని ఏడాదిగా అంటూనే ఉంది. అందుకే సమాధానం వందమందికి బిర్యానీ చెప్పాడు, వాకిట్లో షామియానా, కుర్చీలు వేయించాడు. తీరా చూస్తే ఒక్కొక్కరే జారుకున్నారు. సంగంలో ఉండే పెద్దమ్మకు నాట్లకు కూలీలు ఈరోజే దొరికారట. బుచ్చిరెడ్డిపాలెం హెన్రీ బాబాయికి మోకాలు మడత పడటం లేదట. ఆఖరికి ఎలిశబెతు సొంత తమ్ముడు టైటస్ కూడా, మనుబోలులో తన కంప్యూటర్ల రిపేరు కొట్టు మూసి రాలేనన్నాడు.

"వందమంది బిర్యానీ మనిద్దరమే తిందాం లెండి" అంది ఎలిశబెతు. నవ్వుతూనే అంది గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి సమాధానం ప్రాణం ఉసూరుమంది.

అయినా ఆమె ఊరుకోలేదు. బీరువాలోంచి తన పెళ్లి ముసుగు తీసి, నాలుగు మడతలు పెట్టి, కంప్యూటరు తెర పైఅంచు మీద అందంగా పరిచి, రెండు పక్కలా మల్లెపూలు గుచ్చింది. లేసు అంచు తెర మీదికి రెండు వేళ్ల మేర వేలాడింది. "కూడిక అయ్యేదాకా దీన్ని ముట్టుకున్నారంటే ఊరుకోను" అని చెప్పి చీర ఇస్త్రీకి పోయింది.

సమాధానం రొయ్యల మేత కొట్టులో గుమాస్తా. చర్చిలో పాటల సౌండు చూసే బాధ్యత కూడా అతనిదే. మూడేళ్ల కిందట టైటస్ వచ్చి వీళ్లింటి కంప్యూటరులో విండోస్ తీసేసి లినక్స్ వేసిపెట్టాడు. అప్పటినుంచి మేతకొచ్చిన రైతులకు సంచీ ఎత్తేలోపు లినక్స్ గొప్పతనం కొంచెం చెప్పందే అతనికి తోచదు. "వైరస్ రాదు, చెడిపోదు, నీళ్లలో పడ్డా పనిచేస్తది" అంటాడు. నీళ్ల సంగతి అతనే కల్పించాడు.

అలాంటి మనిషి ఆ పొద్దున కంప్యూటరు ముందు కూర్చుని చూస్తే ప్యానెల్ లేదు. గడియారం, సౌండు గుర్తు, తెరిచిన ప్రోగ్రాముల పేర్లు అన్నీ ఉండే సన్నటి పట్టీ మాయమైపోయింది. కంప్యూటరు ఆపి మళ్లీ వేశాడు. రాలేదు. మళ్లీ ఆపి వేశాడు. ఊహూఁ. ఫోను వైరుతో కంప్యూటరుకు తగిలించి, నెట్టు ఎక్కించి, ఎవరో మహానుభావుడు రాసిన కమాండు చూసి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ కొట్టాడు. ప్యానెల్ ఇప్పటికే నడుస్తోంది అని జవాబొచ్చింది.

"నడుస్తా ఉందంట! యాడ నడుస్తా ఉంది, నా నెత్తినా?" అని సమాధానం కంప్యూటరు మీద కయ్యిమన్నాడు.

సరే, పాటలైనా వస్తాయేమో చూద్దామని పాటల పెట్టె తెరిచాడు. కూడిక కోసం చర్చి నుంచి తెచ్చిన పెద్ద స్పీకరు కిటికీలో షామియానా వైపు తిరిగి ఉంది. పోయిన వారం ఒక పెద్దాయన భూస్థాపనకు వేసిన పాటల వరసే ఇంకా పైన ఉంది. దాన్నే నొక్కాడు. చప్పుడు లేదు. స్పీకరు మర ఆఖరుదాకా తిప్పాడు. అయినా లేదు. కరెంటు పోయిందని అతనికి తెలియదు. ఫ్యానూ కంప్యూటరూ ఇన్వర్టరు మీద హాయిగా తిరుగుతున్నాయి, స్పీకరుకు మాత్రం ఆ యోగం లేదు. "ప్యానెల్‌తో పాటు సౌండూ పోయినట్టుంది" అనుకుని పాటల పెట్టెను కిందికి దించేశాడు. దించాక మళ్లీ పైకి తెద్దామంటే పట్టీ ఏది? పాటలు తెర వెనక మూగగా నడుస్తూనే ఉన్నాయి.

"ఎలిశబెతూ, నేను మనుబోలు పోయి టైటస్‌ను పట్టుకొస్తా" అని కేకేసి బండెక్కాడు. ఫోను కంప్యూటరుకే వేలాడుతూ ఉండిపోయింది.

అతను పోయిన కాసేపటికి ఎలిశబెతు కొత్త జాకెట్టు తొడిగి చూసుకుంటే చేతులు బిగుతు. హడావిడిలో ఫోను లోపలే మరిచి, ఇంటికి తాళం వేసి, పక్క ఊళ్లో దర్జీ పనిచేసే స్వర్ణ దగ్గరికి పరుగెత్తింది. ఆమె అటు పోవడం, ఇటు కరెంటు రావడం.

ఒక్కసారిగా భూస్థాపన పాట ఊరంతా మోగింది.

ఎదురింటి నాగులమ్మ ఎండుచేపలు తిరగేస్తూ అలాగే నిలబడిపోయింది. వాళ్లది చేపలు పట్టే ఇల్లు, చర్చి గడప తొక్కింది లేదు. అయినా ఆ పాట పెట్టారంటే ఎవరో పోయినట్టేనని ఆ వీధిలో పిల్లలకు కూడా తెలుసు. వచ్చి చూసింది. షామియానా ఉంది. కుర్చీలు ఉన్నాయి. ఇంటికి తాళం ఉంది.

"ఓయమ్మో! శవాన్ని తెచ్చేదానికి ఆస్పత్రికి పోయినట్టుండారే!" అని గుండె బాదుకుంది.

ఇక చెప్పాలా? సమాధానానికీ ఎలిశబెతుకూ ఫోను చేస్తే ఎత్తేవాళ్లు లేరు. ఎత్తలేదు కాబట్టి అందరికీ ఇంకా గట్టిగా నమ్మకం కుదిరింది. కబురు బుచ్చిరెడ్డిపాలెం చేరింది, సంగం చేరింది.

మనుబోలు దారిలో సమాధానం బండికి పంక్చరైంది. అది వేయించుకుని, చెమటలు కక్కుతూ టైటస్ కొట్టుకు చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది.

"పట్టీ లేదురా టైటస్. ఉందని కంప్యూటరు చెప్తా ఉంది, నాకేమో కనపడ్డం లేదు" అన్నాడు.

"ఉందని చెప్తే ఉండే ఉంటది బావా. నువ్వు సరిగ్గా చూసినావా?"

"నాకు కళ్లు లేవనుకున్నావా?"

అంతలో టైటస్ ఫోను మోగింది. అవతల హెన్రీ బాబాయి, కారులోంచి. "మీ అక్కోళ్ల ఇంట్లో భూస్థాపన పాటలు వేసినారంట గదరా! నేను బయల్దేరినా. పోయిందెవురో ఎవురూ చెప్పడం లేదు!"

టైటస్ తన ఎదురుగా ఉన్న మనిషిని ఎగాదిగా చూశాడు.

"బావా... నువ్వు ఈడే ఉండావు గదా?"

"ఈడ కాక యాడ ఉంటా?"

"మీ ఇంట్లో ఉండేది మీరిద్దరే గదా?" అని టైటస్ భోరుమన్నాడు. "అక్కా!"

విషయం విన్న సమాధానానికి భూస్థాపన పాటలనగానే తన కంప్యూటరు గుర్తుకు రావాలి. రాలేదు. పొద్దున ఆమె కళ్లలో తిరిగిన నీళ్లే గుర్తొచ్చాయి. ఎలిశబెతు ఫోనుకు చేస్తే అది మోగి మోగి ఆగిపోయింది. టైటస్ బండి నడుపుతుంటే వెనక కూర్చుని దారి పొడుగునా ఏడ్చాడు. "ఇల్లు నిండాలని అడిగిందిరా. ఇట్టనా నిండేది? నాకు ప్యానెల్ వద్దురా, ఏమీ వద్దు. నా ఎలిశబెతు ఉంటే చాలు."

వీధి మలుపు తిరిగేసరికి ఇసకేస్తే రాలనంత జనం. చర్చివాళ్లు పెళ్లికైనా చావుకైనా కట్టేది తెల్లచీరే కాబట్టి షామియానా కింద అంతా తెల్లగా మెరిసిపోతోంది. సంగం పెద్దమ్మ కాళ్లకు మళ్లలో బురద ఇంకా ఆరలేదు. హెన్రీ బాబాయి మోకాలి మాట మరిచి అందరికంటే ముందు నిలబడి ఉన్నాడు. పాస్టరు గారు పుస్తకంలో భూస్థాపన పేజీ దగ్గర వేలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు.

సరిగ్గా అప్పుడే వీధి అవతలి కొస నుంచి ఎలిశబెతు జుట్టు విరబోసుకుని, ఒక చెయ్యి కుట్టని జాకెట్టు భుజాన వేసుకుని, రొప్పుతూ వచ్చింది. మొగుడు చూస్తే హైవే మీద బండేసుకుని పోయాడు. ఇంట్లో చావు పాట మోగుతోందని స్వర్ణ కొట్లో ఎవరో అన్నారు. ఆయనకేదో అయిందనుకోవడానికి ఆమెకు అంతకంటే ఏం కావాలి?

ఇద్దరూ గేటు దగ్గర ఎదురుబొదురు నిలబడ్డారు.

"నువ్వు బాగుండావా?" అన్నాడు సమాధానం.

"మీరు బాగుండారా?" అంది ఎలిశబెతు.

అంతమంది ముందు, పాతికేళ్లలో ఎన్నడూ లేనిది, సమాధానం ఆమెను గట్టిగా పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె కూడా వదల్లేదు. చాలాసేపటికి తేరుకుని ఇద్దరూ జనం వైపు తిరిగారు.

"మరి పోయిందెవురు?"

"మమ్మల్ని అడుగుతారేంది!" అన్నాడు హెన్రీ బాబాయి.

లోపల పాట రెండో చరణం ఎత్తుకుంది. ఎలిశబెతు పాట వస్తున్న కిటికీ వైపు చూసింది, తర్వాత మొగుడి వైపు చూసింది. సమాధానం కొత్త చొక్కా ఇంకా తొడగని తన గుండెల మీద చెయ్యేసుకుని నేలచూపులు చూశాడు.

తాళం తీయగానే టైటస్ కంప్యూటరు దగ్గరికి దూకాడు. ఒక్కసారి తేరిపార చూసి, ముసుగు అంచు రెండు వేళ్లతో పైకెత్తాడు. దాని చాటున, తెర పైఅంచున, ప్యానెల్ కొత్త పెళ్లికూతురిలా బుద్ధిగా కూర్చుని ఉంది. గడియారంతో సహా. టైటస్ సౌండు గుర్తు నొక్కి పాట ఆపాడు.

"నడుస్తానే ఉందని అది చెప్పింది గద బావా."

"ముసుగు ముట్టుకోవద్దని మీ అక్క చెప్పింది గదరా" అన్నాడు సమాధానం.

వాకిట్లో గొడవ మొదలైంది. "ఎవురూ చావకుండానే నన్ను బురదలోంచి లాక్కొచ్చినారా?" అని పెద్దమ్మ లేచింది. అంతలో బిర్యానీ ఆటో వచ్చి ఆగింది. డేగిసా మూత కాస్త పక్కకు జరిగినట్టుంది, వాసన షామియానా కింద గుప్పుమంది. పెద్దమ్మ కూర్చుంది. పాస్టరు గారు గొంతు సవరించుకుని, భూస్థాపన దగ్గర పెట్టిన వేలు తీసి కృతజ్ఞతల పేజీ తిప్పారు.

పెళ్లి ఫోటోలు చూపించారు. ఖాళీ బల్లల ఫోటో రాగానే జనం కాస్త తలలు వంచుకున్నారు. ఎలిశబెతు మాత్రం తెర వైపు చూడలేదు. షామియానా ఈ కొస నుంచి ఆ కొస దాకా, నాగులమ్మ ఇంటి అరుగు మీద కూర్చున్న వాళ్లను కూడా వదలకుండా, కళ్లనిండా చూసుకుంది. బిర్యానీ చాలలేదు. ఆఖరున ఆమెకు అడుగున మాడింది దక్కితే, అంత రుచైన బిర్యానీ ఎప్పుడూ తినలేదంది.

సాయంత్రం కారెక్కుతూ హెన్రీ బాబాయి వేలు చూపించాడు. "వచ్చే ఏడు మాత్రం ముందుగా చెప్పండి. తప్పకుండా వస్తాం."

"చెప్పే పనేముంది బాబాయ్" అంది ఎలిశబెతు, "పాట వేస్తాం."