మేడమ్ గారి నాగజెముడు

ఆ ఉదయం హెడ్ క్లర్కు పెట్టుకున్న పని చాలా చిన్నది. నెల రోజుల సెలవు మీద వెళుతూ వాళ్ళ ఆఫీసర్ మేడమ్ పంపిన నాగజెముడు కుండీని బాల్కనీలో పెట్టాలి, ఇక దాని జోలికి పోకూడదు. "నీళ్ళు మాత్రం పొయ్యకండి," అని ఆవిడ మరీ మరీ చెప్పింది. అతని ప్రమోషన్ ఫైలు ఆవిడ బల్ల మీదే ఉంది. తిరిగొచ్చాక సంతకం పెడతానంది.

"దీనికెవరూ చుక్క నీళ్ళు పొయ్యొద్దు!" అని ఇంట్లో చాటింపు వేశాడు. భార్య తలూపింది. అత్తగారూ తలూపింది.

పన్నెండో రోజు చూస్తే ఏముంది, మొదలు మెత్తబడి మొక్క పక్కకి ఒరిగిపోయింది. వేలు పెడితే లోపలికి దిగింది. అతని పైప్రాణాలు పైనే పోయాయి.

"ఎవరు పోశారు నీళ్ళు?"

"ఒక్క గ్లాసేనండీ," అంది భార్య. "మట్టి అలా బీటలు వారుతుంటే చూడలేకపోయాను. అదీ రోజు విడిచి రోజే."

"నేను కూరగాయలు కడిగిన నీళ్ళే పోశాను నాయనా," అంది అత్తగారు.

తిట్టడానికి నోరు తెరిచి మూసేసుకున్నాడు. ఆఫీసుకి బయల్దేరే ముందు, పాపం కదా అని రోజూ ఓ మగ్గు అతనూ పోస్తున్నాడు మరి.

చివర అరచెయ్యంత ఆకు ఒక్కటే గట్టిగా మిగిలింది. అదైనా దక్కుతుందేమోనని దాన్ని చాకుతో కోసి ఉత్త చేత్తో పట్టుకున్నాడు. పెద్ద ముళ్ళను తప్పించాడు గానీ, నూగులాంటి సన్నముళ్ళు వందలకొద్దీ ఉంటాయని ఎవరు చెప్పారతనికి? కెవ్వుమని వదిలేస్తే ఆకు వెళ్ళి కుర్చీలో పడింది. ఆ కేకకి పరుగెత్తుకొచ్చిన అత్తగారు గుండె పట్టుకుని సరిగ్గా ఆ కుర్చీలోనే కూలబడింది.

సాయంత్రం దాకా భార్య పట్టకారు పుచ్చుకుని తల్లి దగ్గర కాసేపు, మొగుడి దగ్గర కాసేపు కూర్చుంది. "ఈ దిక్కుమాలినదాన్ని నా కంటపడనివ్వకండి!" అంటూ అతను ఆకుని పాత పేపర్లో చుట్టి బీరువా మీదకి విసిరేశాడు.

సెలవు అయిపోయిన రోజు మేడమ్ నేరుగా ఇంటికే వచ్చింది. "ఏదండీ మా మొక్క?"

"ముగ్గురం కలిసి చంపేశామండీ. ఇదొక్కటే మిగిలింది," అంటూ స్టూలెక్కి పొట్లం దించాడు. ప్రమోషన్ మీద ఆశ అప్పుడే వదిలేసుకున్నాడు.

విప్పితే, కోసిన చోట చక్కగా పక్కుకట్టి, రెండు తెల్లటి వేళ్ళు పుట్టుకొచ్చి ఉన్నాయి.

"అబ్బ! కోసి ఆరబెట్టాలని మీకెలా తెలిసిందండీ?" మేడమ్ మొహం వెలిగిపోయింది. "నిజం చెప్పొద్దూ, నేనే రోజూ నీళ్ళు పోసీ పోసీ దాన్ని కుళ్ళబెట్టాను. నా చేతుల్లో పోకూడదనే మీ ఇంటికి పంపించాను. మా ఇంట్లో ఇంకో పదకొండున్నాయి, అన్నీ మెత్తబడ్డవే!"

మర్నాడు ప్రమోషన్ ఆర్డరూ, పదకొండు కుండీలూ ఒకే ఆటోలో వచ్చాయి.