మైసయ్య మోకాళ్లకు రాసుకున్న మందు

తెలంగాణ వచ్చిన కొత్తలో, ఫోను మీద వేలు ఒత్తితే వస్తువు గుమ్మంలోకి వచ్చే రోజులు ఇంకా నకిరేకల్ దాకా రాలేదు. ఏది కావాలన్నా దుకాణం ముందు నిలబడి, నోరు తెరిచి అడగాల్సిందే. బస్సు కండక్టర్ విజేందర్ ఆ పొద్దున వేసుకున్న పథకం కూడా అంతే: డ్యూటీ ఎక్కేముందు జుల్ఫికర్ మందుల దుకాణంలో ఒక ట్యూబు అడిగి, జేబులో వేసుకుని పోవాలి.

ముందురోజు అతనూ భార్య స్వర్ణా నల్గొండలో డాక్టరమ్మను కలిసి వచ్చారు. పెళ్లయి నాలుగేళ్లు. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. డాక్టరమ్మ ఒక్కొక్కటే అడుగుతూ, చివరికి పడకగదిలో వాడే జెల్లీ సంగతి కూడా అడిగింది.

"కొన్ని మామూలు జెల్లీలు వీర్యకణాల్ని సరిగ్గా కదలనివ్వవు. ఇంట్లో నూనెలు, ఉమ్మి కూడా వద్దు. పిల్లలు కావాలనుకునేవాళ్ల కోసం వేరేగా చేసింది దొరుకుతుంది, డబ్బా మీద రాసే ఉంటుంది. దాంతోనే కడుపు పండుతుందని చెప్పను. ఉన్న అడ్డు ఒకటి తీసేద్దాం."

స్వర్ణ బుద్ధిగా తలూపింది. విజేందర్ గోడ మీది పసిపాప బొమ్మను చూస్తూ కూర్చున్నాడు.

"నువ్వే తేవాలె," అంది స్వర్ణ తిరుగు బస్సులో. "నాలుగేండ్ల సంది 'విశేషమేమన్న ఉందా' అనెటోళ్లందరికీ నేనే జవాబు చెప్తున్న. గీ ఒక్క మాట నువ్వు అడుగు."

న్యాయమే. కానీ బస్సులో వెనక సీటు దాకా వినిపించే విజేందర్ గొంతు, జుల్ఫికర్ గల్లా ముందు పెగల్లేదు. జుల్ఫికర్ ముందుకు వంగి, చెవి ఒగ్గి, ఎలాగో అర్థం చేసుకున్నాడు.

"నా దగ్గర లేదు భాయ్. ఫికర్ చెయ్యకు, హైదరాబాద్ నుంచి తెప్పిస్త. రేపు పగటి బస్సుకు వస్తది."

గండం గడిచిందనుకుని విజేందర్ వెనక్కి తిరిగాడు. వెనకే రామచంద్రయ్య నిలబడి ఉన్నాడు. తండ్రి మైసయ్యకు చిన్ననాటి దోస్తు. ఊళ్లో ఆయనకు తెలియని సంగతి ఉండదు, తెలిసిన సంగతి ఆయన దగ్గర ఆగదు.

"హైదరాబాద్ నుంచా? గంత పెద్ద మందు ఎవరికిరా?"

"బాపుకు," అన్నాడు విజేందర్. నోరు అక్కడితో ఊరుకోలేదు. "మోకాళ్లకు."

మైసయ్య మార్కెట్ యార్డులో బస్తాలు మోసి మోసి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి. ఒక్కగానొక్క కొడుకుతో ఆయన మాటలు "తిన్నవా", "డ్యూటీ ఉందా" దాటి ఎన్నడూ పోలేదు. ఆ కొడుకు తన నడక గమనించాడనీ, పట్నం నుంచి మందు తెప్పిస్తున్నాడనీ రామచంద్రయ్య చాయ్ హోటల్లో చెబుతుంటే, మైసయ్య చేతిలో చాయ్ చల్లారిపోయింది. మర్నాడు పగలు ఆగలేక తానే దుకాణానికి పోయాడు.

"మా పిలగాడు తెప్పిచ్చిన మందు వచ్చిందా భాయ్?"

జుల్ఫికర్ మర్యాదస్తుడు. కొడుకే తండ్రిని పంపాడేమో అనుకుని, లోలోపల ఆశ్చర్యపోతూ, కాగితంలో చుట్టి ఇచ్చాడే గానీ అదేమిటో అనలేదు. ఆ మర్యాదే కొంప ముంచింది.

సాయంత్రం విజేందర్ ఇల్లు చేరేసరికి, మైసయ్య వాకిట్లో మంచం మీద ధోతి పైకి మడిచి కూర్చున్నాడు. రెండు మోకాళ్లూ నిగనిగ మెరుస్తున్నాయి. పక్కనే రామచంద్రయ్య కూడా ఒక మోకాలు చాపాడు. తల్లి బిక్షమ్మ మోచేతికి రాసుకుని, "సల్లగుంది బిడ్డా," అంటోంది. ట్యూబు చపాతీలా చదునైపోయింది. దాని మీది ఇంగ్లీషు అక్షరాలు ఆ ముగ్గురిలో ఎవరికీ రావు.

విజేందర్ పరుగున వంటింట్లోకి పోయాడు. స్వర్ణ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. అది నవ్వో ఏడుపో అతనికి తెలియలేదు.

"నువ్వన్న చెప్పకపోతివి!" అన్నాడు.

"ఏమని చెప్పాలె? మామ ఏడుస్తుండు. 'నా కొడుకు నా కాళ్లు సూసిండు' అని పగటి సంది గదే మాట."

బయటినుంచి మైసయ్య పిలిచాడు. "ఇజేందరూ, మెట్లు ఎక్కి దిగిన బిడ్డా. నొప్పి లేదు." ఆ మాట విన్నాక విజేందర్‌కు నిజం చెప్పే ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది?

తెల్లారి రామచంద్రయ్య జుల్ఫికర్ దుకాణం ముందు ప్రత్యక్షమయ్యాడు. వెంట హమాలీ సంఘం ముసలివాళ్లు, తలా ఒక ట్యూబు కావాలని.

జుల్ఫికర్ ఆయన్ను పక్కకు పిలిచి, వీలైనంత మెల్లగా అడిగాడు. "ఇంట్ల అంత మంచిదే గదా? గీ వయసుల పిల్లలెందుకు సాబ్?"

"పిల్లలేందయ్యా? మోకాళ్లు!"

ఇక మర్యాద పాటించే దారి లేక, జుల్ఫికర్ అది దేనికో అందరికీ వినబడేలా చెప్పేశాడు. విన్న ముసలివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా చెదిరిపోయారు.

విజేందర్ బస్సు నల్గొండ నుంచి తిరిగి వచ్చేసరికి చాయ్ హోటలంతా ఒక్కసారి మూగబోయి, అతను దాటగానే ఫక్కుమంది. ఇంట్లో మైసయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అన్నం ముట్టలేదు. విజేందర్ మంచం అంచున కూర్చున్నాడు.

"అబద్ధమెందుకు చెప్పినవ్ రా?"

"సిగ్గయింది బాపు."

"నీ కాళ్లు నేను నిజంగనే సూడలే బాపు. తప్పయింది," అని విజేందర్ అనబోతుంటే, ఆయన లేచి కూర్చున్నాడు.

"నాకు గూడ సిగ్గే. మంది ముంగట కోడల్ని 'ఎప్పుడు, ఎప్పుడు' అని అడుగుతుంటే, ఇన్నేండ్లు నోరు మూసుకొని కూసున్న. ఒక్కనాడన్న 'మీకెందుకు' అనలే." తువాల దులిపి భుజం మీద వేసుకున్నాడు. "నడువు."

తండ్రీకొడుకులు దుకాణం చేరేసరికి రామచంద్రయ్యతో సహా జనం ఉండనే ఉన్నారు. మైసయ్య మెట్టు ఎక్కి, బస్తాల లెక్క చెప్పే గొంతుతో అడిగాడు.

"భాయ్, పిల్లలు కావాలంటే వాడే జెల్లి ఇంకోటి తెప్పియ్యి. నా కొడుక్కు, కోడలికి. మోకాళ్లకు కాదు. నవ్వెటోళ్లు ఇప్పుడే నవ్వుండ్రి, మళ్ల నా కోడలి ముంగట నవ్వితే ఊకోను."

ఎవరూ నవ్వలేదు. చాటున నవ్వుకునే సంగతిలో ఉండే రుచి, బజారులో పెట్టేసరికి పోయింది. ఆ తర్వాత "విశేషమేమన్న ఉందా" అని స్వర్ణను అడిగినవాళ్లు ఆ వీధిలో లేరు. కడుపులో మనుమరాలు ఎప్పుడు పడిందో కూడా, స్వర్ణ చెప్పినప్పుడే అందరికీ తెలిసింది. అది జెల్లీ వల్లనా, అడిగేవాళ్లు లేని నిమ్మళం వల్లనా అని డాక్టరమ్మ చెప్పలేదు, వీళ్లూ అడగలేదు.

మైసయ్య ఇప్పుడు లేడు. బస్సు ఆ దుకాణం ముందు మలుపు తిరిగినప్పుడల్లా, తువాల భుజాన వేసుకుని మెట్టు మీద నిలబడ్డ బాపు విజేందర్ కళ్లలో మెదులుతాడు. ఆ క్షణం టికెట్లు కొట్టడం ఆపేస్తాడు.

అప్పట్లో, పాప పుట్టిన వారానికి రామచంద్రయ్య మిఠాయి డబ్బాతో వచ్చి, ఇంత జరిగాక బిడ్డకు పేరు పెట్టడంలో తన మాట కూడా ఉండాలన్నాడు. ఎవరూ కాదనలేదు, ఎవరూ వినలేదు.