వద్దులక్క చెప్పిన నత్త పాఠం

ఆ రోజు ఉదయం వద్దులక్క వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం పన్నెండింటి వరకూ నోట్లోంచి "వద్దు" అనే మాట రానివ్వకూడదు. అదేమంత బ్రహ్మవిద్య అనుకుంటూ మంచం దిగింది. పళ్ళు తోముకునేలోపే తమ్ముళ్ళిద్దరినీ చెరోసారి అనేసింది. ఇంట్లో అన్నవి లెక్కలోకి రావులే అని సరిపెట్టుకుంది.

ఆ పిల్లకి ఆ పేరు ఊరికే రాలేదు. హైస్కూలు ఆఖరి ఏడాదిలో "పసిపిల్లల సంరక్షణ" అనే సబ్జెక్టు తీసుకుంది. బడి కింది అంతస్తులో ఒక గది ఉంది. అందులో మూడేళ్ళవాళ్ళు, నాలుగేళ్ళవాళ్ళు కలిపి పదకొండుమంది. ఆ సబ్జెక్టు తీసుకున్నవాళ్ళు వంతులవారీగా వెళ్ళి వాళ్ళకి పాఠం చెప్పాలి, ముక్కులు తుడవాలి, తగువులు తీర్చాలి. వాటన్నిటికీ ఒక రూల్సు పుస్తకం ఉంది. అందులో మొదటి రూలు: పిల్లలకి "వద్దు" అని చెప్పకూడదు, ఏం చెయ్యాలో అది చెప్పాలి. "పరిగెత్తొద్దు" అనకూడదు, "మెల్లగా నడుద్దాం" అనాలి. ఇద్దరు కవల తమ్ముళ్ళని "వద్దు" మీదే పెంచుకొచ్చిన పిల్లకి ఇది ఎలా ఒంటబడుతుంది? కిందటి నెల పరీక్షలో నలభై నిమిషాల్లో పదిహేడు "వద్దు"లు అని, తప్పి, ఈ పేరు తెచ్చుకుంది.

ఇవాళ రెండో పరీక్ష, ఇదే ఆఖరు. రెండోసారి వచ్చినవాళ్ళు ఒక్క "వద్దు" అన్నా తప్పినట్టే. ఇది గట్టెక్కితేనే పసిపిల్లల టీచర్ల శిక్షణలో సీటు. ఆ సీటంటే ఆ పిల్లకి ప్రాణం. పదకొండుమందిలో ఎవరు ఏ చెప్పు తిరగేసి వేసుకుంటారో, ఎవరికి ఏడుపొచ్చే ముందు గడ్డం వణుకుతుందో అంతా తెలుసు. నోరొక్కటే దాని మాట వినదు.

"వద్దనకుండా పిల్లల్ని పెంచమని రాసినాయనకి అసలు పిల్లలున్నారా?" అంది అమ్మ, జడ వేస్తూ.

"ఏమోనమ్మా. పరీక్ష పెట్టడానికి ఇవాళ ఆయనే వస్తున్నారట."

"అయితే నాల్రోజులు మనింట్లో ఉండమను. పుస్తకం మళ్ళీ రాసుకుంటాడు."

ఈ మాటలు పక్కనుంచి విన్న పెద్ద తమ్ముడు అక్క కొత్త పెన్ను తీసి మూత కొరకడం మొదలుపెట్టాడు. వద్దులక్క కళ్ళు మూసుకుని, "పెన్నుతో రాద్దాం నాన్నా, పళ్ళతో బిస్కెట్టు కొరుకుదాం" అంది. వాడు హాయిగా బిస్కెట్టు పొట్లం కూడా పట్టుకుపోయాడు.

పాఠం నత్త గురించి. బడి వెనక తడిగోడ మీంచి మూడు నత్తల్ని పట్టి గాజు సీసాలో పెట్టింది. క్యాబేజీ ఆకులు, మొక్కలకి నీళ్ళు చల్లే చిన్న పిచికారీలు నాలుగు, కాగితాలు, జిగురు అన్నీ బల్ల మీద సర్దుకుంది. మూలన ఆమె తోటి విద్యార్థి కూర్చున్నాడు. దళసరి కళ్ళద్దాల వల్ల అందరూ కళ్ళజోడు అంటారు. చెప్పిన పని చెప్పినట్టు, అక్షరం పొల్లుపోకుండా చేసే రకం. ఆ సబ్జెక్టు చెప్పే టీచరమ్మ అతని చేతికి ఒక కాగితం ఇచ్చి, "గదిలో 'వద్దు' వినబడినప్పుడల్లా ఒక గీత గియ్యి" అని చెప్పి వెళ్ళింది.

తొమ్మిదిన్నరకి పరిశీలకులవారిని వెంటబెట్టుకుని వచ్చింది. మనిషి పొడుగూ వెడల్పూ రెండూ ధారాళంగా ఉన్నవాడు. టీచరమ్మ స్టాఫు రూము నుంచి పెద్ద కుర్చీ తెప్పించబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"రెండో రూలు మర్చిపోయారా? పెద్దవాళ్ళు పిల్లల కళ్ళ ఎత్తులోనే ఉండాలి. నేను రాసింది నేనే తప్పితే ఎలాగండీ?"

అంటూ పిల్లల ఎర్ర ప్లాస్టిక్కు కుర్చీ ఒకటి లాక్కున్నాడు. అది చేతులున్న కుర్చీ. నాలుగేళ్ళ పిల్లల నడుముకి కొలిచి చేసినది. ఇది ఎటు పోతుందో వద్దులక్కకి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. "వద్దు సార్" అనే మాట నాలుక చివరికి వచ్చేసింది కూడా. ఎదురుగా కళ్ళజోడు పెన్సిలు ఎత్తి పట్టుకుని ఉన్నాడు. మాట మింగేసి, "ఆ బెంచీ విశాలంగా ఉంటుంది సార్" అంది.

"ఇదే బాగుందమ్మా. నువ్వు కానీ" అంటూ ఆయన కూలబడ్డాడు. కుర్చీ ఒక్కసారి కీచుమంది. ఆ ఒక్క మాటా అప్పుడు అనేసి ఉంటే ఇంత కథ ఉండేదే కాదు.

పాఠం మాత్రం బ్రహ్మాండంగా సాగింది. "నత్త తన ఇల్లు తనే మోసుకు తిరుగుతుంది. భయమేస్తే లోపలికి దూరిపోతుంది. పట్టుకుని గుంజితే రానే రాదు. మరేం చెయ్యాలి? కాసిని నీళ్ళు చల్లాలి, ఆకు పెట్టాలి, చప్పుడు చెయ్యకుండా కూర్చోవాలి. అప్పుడు అదే బయటికొస్తుంది." పిల్లలు వంతులవారీగా నీళ్ళు చల్లారు. నత్త కొమ్ములు బయటపెట్టగానే గదంతా "హా" అంది. ఇరవై నిమిషాలైనా కళ్ళజోడు కాగితం మీద ఒక్క గీత పడలేదు. టీచరమ్మ కిటికీ దగ్గర నిలబడి రెండు కళ్ళతో మెచ్చుకుంది.

పిల్లలు కాగితపు గుల్లలు అతికిస్తుంటే దగ్గర్నుంచి చూద్దామని పరిశీలకులవారు లేచాడు. కుర్చీ కూడా లేచింది. కూర్చున్నాడు. ఇంకోసారి లేచాడు. అదీ లేచింది. నడుము వంగిపోయి, వీపు వెనక నాలుగు ఎర్ర కాళ్ళు బయటికి పొడుచుకు వచ్చి, ఆయన గది మధ్యలో నిలబడిపోయాడు.

ప్రతి మాటకీ ఎందుకని అడిగే ఎందుకమ్మ ముందుగా చూసింది. "అక్కా, తాత ఇల్లెందుకు మోస్తున్నాడు?"

"తాత నత్త!" అన్నాడు పహిల్వాను. మూడున్నరేళ్ళవాడు, గది మొత్తానికి పొట్టివాడు.

"ఏం లేదు, ఏం లేదు, మీరు కానివ్వండి" అన్నాడు ఆయన, పరువు పోకుండా. పిల్లలు కానిచ్చారు. నాలుగు పిచికారీలూ ఆయన వైపు తిరిగాయి.

"వద్దు నాన్నా... ఒరే, వద్దు!" అన్నాడు ఆయన.

మూలన కళ్ళజోడు రెండు గీతలు గీశాడు.

వద్దులక్కకి పైప్రాణాలు పైనే పోయాయి. ఆపాలి, కానీ ఆపే మాట అనకూడదు. "పిల్లలూ! నీళ్ళు ఆకుల మీద చల్లుదాం!" అని అరిచింది. పిల్లలు బంగారాలు, చెప్పిన మాట జవదాటలేదు. క్యాబేజీ ఆకులు తెచ్చి ఆయన నెత్తి మీద, భుజాల మీద పరిచి, ఆకుల మీదే చల్లారు.

"చెవిలో వద్దు! కళ్ళద్దాల మీద వద్దు! నా కళ్ళద్దాలు!"

"మనం దూరంగా నిలబడదాం!" అంది వద్దులక్క. నిలబడ్డారు. పిచికారీలకి దూరం ఒక లెక్క కాదని అప్పుడు తెలిసింది. జిగురు డబ్బా తెచ్చినవాడికి "జిగురు కాగితానికి పెడదాం" అని చెప్తే, వాడు కాగితానికే పెట్టి ఆ కాగితాన్ని ఆయన చొక్కాకి అంటించాడు. అడుగడుగునా రూలు పాటిస్తోంది, అడుగడుగునా ఆయన మునిగిపోతున్నాడు.

టీచరమ్మ పరుగున వచ్చి కుర్చీ కాళ్ళు పట్టుకుని లాగింది. "లాగొద్దండీ! చచ్చాను! లాగొద్దు!" అని ఆయన కేక పెట్టాడు. పిల్లలకి కోపం వచ్చింది.

"గుంజితే రాదని అక్క చెప్పింది కదా!" అంది ఎందుకమ్మ, నడుం మీద చేతులు పెట్టుకుని.

"ఉండండి సార్, రంపం పట్టుకు రమ్మని వడ్రంగిని పిలుచుకొస్తాను" అని టీచరమ్మ గుమ్మం దాటింది. రంపం మాట వినగానే ఆయన బిగుసుకుపోయాడు. బిగుసుకున్న కొద్దీ కుర్చీ ఇంకా పట్టేసింది.

అప్పుడు చూసింది వద్దులక్క. రంపం మాట పహిల్వాను కూడా విన్నాడు. కాగితాలు కోసే కత్తెర ఒకటి చేత్తో పట్టుకుని, ఇంటిని కోసి నత్తని బయటికి తీద్దామని, ఆయన వెనక్కి చేరాడు. కత్తెర మొనలు కుర్చీకీ ప్యాంటుకీ మధ్య సందులో దూరబోతున్నాయి. ఇప్పుడు చెప్పాల్సిన మంచి మాట ఏమిటో పుస్తకంలో ఎక్కడో ఉండే ఉంటుంది. వెతికే సమయం లేదు.

"వద్దు!"

గది మొత్తం అదిరిపోయింది. కత్తెర కింద పడింది. ఆ నిశ్శబ్దంలో కళ్ళజోడు పెన్సిలు ఒక గీత గియ్యడం అందరికీ వినబడింది.

వద్దులక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సీటు పోయింది. పోయిందెలాగూ పోయింది కదా అనుకునేసరికి గుండె తేలికపడింది. వెళ్ళి పహిల్వానుని దగ్గరికి తీసుకుని వీపు నిమిరింది. కత్తెర జేబులో వేసుకుంది. అందర్నీ నేల మీద కూర్చోబెట్టి, తనూ ఆయన ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"పిల్లలూ, నత్త భయపడింది. ఇప్పుడేం చెయ్యాలి?"

"చప్పుడు చెయ్యకూడదు" అంది ఎందుకమ్మ, గుసగుసగా.

"సార్, పువ్వు వాసన చూస్తున్నట్టు ఊపిరి పీల్చండి. కొవ్వొత్తి ఆర్పుతున్నట్టు వదలండి."

"నేను పిల్లాణ్ణి కాదమ్మా."

"తెలుసు సార్. పీల్చండి."

పదకొండుమందీ ఆయనతో పాటు పీల్చారు, ఆయనతో పాటు ఊదారు. రెండోసారికి ఆయన భుజాలు జారాయి. మూడోసారి ఊదేటప్పుడు పొట్ట లోపలికి పోయింది. నీళ్ళకి తడిసిన ప్లాస్టిక్కు సర్రున జారి, కుర్చీ నేల మీద పడింది. నత్త బయటికొచ్చింది. పిల్లలు ఎగిరి గంతులేశారు. సరిగ్గా అప్పుడే టీచరమ్మ వడ్రంగితో, రంపంతో గుమ్మంలోకి వచ్చింది.

వచ్చినావిడ ముందు గీతల కాగితం తీసుకుంది. చూసింది, ముఖం పాలిపోయింది.

"ముప్ఫై రెండా? కిందటిసారికి రెట్టింపు దగ్గరికొచ్చావే తల్లీ!"

"ఒక్కటే అన్నాను టీచర్" అంది వద్దులక్క, ముక్కు ఎగబీలుస్తూ. "కానీ అన్నాను."

కళ్ళజోడు లేచి నిలబడ్డాడు. "గదిలో వినబడినవన్నీ గియ్యమన్నారు టీచర్. ఎవరివి ఎన్నో వెనకవైపు రాశాను."

టీచరమ్మ కాగితం తిప్పింది. పైకి చదివేశాక, చదవకుండా ఉండాల్సింది అనుకుంది. "వద్దులక్క, ఒకటి. నత్త తాత, ముప్ఫై ఒకటి."

పరిశీలకులవారు కాలరులోంచి క్యాబేజీ ఆకు తీసి బల్ల మీద పెట్టాడు. కాగితం అందుకుని చాలాసేపు చూశాడు.

"ఈ ఒక్కటీ ఎప్పుడన్నావు?"

"పహిల్వాను కత్తెర పట్టుకుని మీ వెనక నిలబడ్డప్పుడు సార్."

ఆయన చెయ్యి మెల్లగా ప్యాంటు వెనక్కి వెళ్ళి, అంతా ఉందని తెలుసుకుని తిరిగొచ్చింది.

"ఇంకో అరగంట ముందు, నేను కూర్చునేటప్పుడు అనుంటే బాగుండేది కదమ్మా."

"అనబోయాను సార్. మీ రూలు గుర్తొచ్చి మింగేశాను."

ఆయన జేబులోంచి తడిసిన పెన్ను తీశాడు. నాలుగుసార్లు విదిలించి, "ఉత్తీర్ణురాలు" అని రాసి, సంతకం పెట్టాడు. వద్దులక్క కళ్ళజోడుని పట్టుకుని ఊపేసింది. ఆయన కాగితం మడుస్తుంటే ఎందుకమ్మ వచ్చి చొక్కా లాగింది.

"తాతా, రేపు కూడా ఇల్లు మోసుకుని వస్తావా?"

"వద్దమ్మా" అన్నాడు ఆయన, చేతులు జోడించి. కళ్ళజోడు కాగితం వెనక్కి అడిగి తీసుకుని, ఇంకో గీత గీసి ఇచ్చాడు.

మరుసటి ఏడాది రూల్సు పుస్తకంలో మొదటి రూలు కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం కొత్తగా చేరింది: "ప్రమాదం ఎదురైనప్పుడు విద్యార్థులు ఒక్కసారి 'వద్దు' అనవచ్చును, పరిశీలకులకు ఈ పరిమితి వర్తించదు."