చెత్తబండి రాగం

చువాంగ్ మింగ్‌ఫాకి సంగీతమంటే పగేమీ లేదు. అది వేరేవాళ్ళ ఇంట్లో ఉన్నంతకాలం ఆయనంత రసికుడు మా తైనాన్ ఊళ్ళో ఇంకొకడు ఉండడు. చిక్కల్లా అది ఆయన ఇంట్లోకే రావడం, అందులోనూ టీవీలో బేస్‌బాల్ ఆట వచ్చే వేళకే రావడం.

తెచ్చింది కూతురు యూచెన్. ఏడో తరగతిలో చేరుతూనే బడిలోని తీగవాద్యాల బృందంలోనూ చేరింది. మింగ్‌ఫా మొదట్లో తెగ మురిసిపోయాడు. తను గుమాస్తాగిరీ చేసే చేపల మేత కంపెనీలో అందరికీ బొప్పాయి పండు కలిపిన పాలు తాగించాడు. పిల్ల వయొలిన్ మీద కమ్మటి పాట వాయిస్తుందని, తను కాళ్ళు చాపుకుని వింటానని అనుకున్నాడు పాపం. తీరా చూస్తే పిల్లని రెండో వయొలిన్లలో వేశారు.

రెండో వయొలిన్లంటే ఏమిటో తెలియనివాళ్ళు అదృష్టవంతులు. పాటంతా మొదటి వయొలిన్లు పట్టుకుపోతాయి. రెండోవాళ్ళకి మిగిలేది వెనకాల "ఝుం చక చక, ఝుం చక చక". బడిలో అందరూ కలిసి వాయించినప్పుడు ఎంత ఇంపుగా ఉంటుందో గానీ, ఇంట్లో అదొక్కటే వింటూంటే కంచంలో అన్నం లేకుండా ఉప్పు వడ్డించినట్టుంటుంది.

"ఇంకేదైనా వాయించకూడదుటే తల్లీ?" అన్నాడు ఒకరోజు మింగ్‌ఫా.

"నా భాగం ఇదే నాన్నా. నెలాఖరుకి మా మాస్టారు ఒక్కొక్కళ్ళ చేతా విడిగా వాయింపిస్తారు. తడబడ్డవాళ్ళు పోటీలో వేదిక ఎక్కకూడదు, కుర్చీలు మొయ్యాలి."

"మంచిదే కదా, ఒళ్ళు గట్టిపడుతుంది."

యూచెన్ కళ్ళల్లో గిర్రున నీళ్ళు తిరిగాయి. ఆ పిల్లకి ఈ లోకంలో కావలసిందల్లా నవంబరు పోటీలో వేదిక మీద ఒక కుర్చీ. అదీ కూర్చోడానికి, మోయడానికి కాదు.

వంటింట్లోంచి బియున్ గరిటెతో సహా ఇవతలికి వచ్చింది. మింగ్‌ఫా భార్య.

"పిల్లని ఏమంటున్నారు?"

"నేనేం అన్లేదే! ఇరుగుపొరుగు వాళ్ళేమనుకుంటారోనని..."

"వాళ్ళేమీ అనుకోవడం లేదు. అనుకుంటున్నది మీరొక్కరే, అదీ టీవీ ముందు కూర్చుని. వాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు మెట్లెక్కి వచ్చి వద్దని నాతో చెబితే, ఆ రోజే ఇంట్లో సాధన మానిపిస్తాను. సరా?"

"మాటేనా?"

"మాటే."

మింగ్‌ఫా బుర్రలో దీపం వెలిగింది. ఆ బుర్రలో దీపం వెలిగినప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి తగలబడుతుందన్న సంగతి ఆయనకి తప్ప అందరికీ తెలుసు.

కానీ ఫిర్యాదు చేసే నాథుడేడీ? ఐదంతస్తుల పాత మేడ, లిఫ్టు లేదు, వీళ్ళుండేది పైన. అట్టడుగు వాటాలో గాన్ ముసలావిడ ఉంది. అందరూ మిరపకాయ పిన్ని అంటారు. నీడ పడిందని పిల్లితో పోట్లాడే మనిషి. ఆవిణ్ణి కదిపి చూశాడు.

"మా పిల్ల గోల మీకు ఇబ్బందిగా ఉంటోందేమో పిన్నీ?"

"నోర్ముయ్! పిల్ల విద్య నేర్చుకుంటూంటే గోలంటావా? తండ్రివా, పగవాడివా?"

మూడో అంతస్తు పళ్ళ డాక్టరు కొవ్ ఇంకో అడుగు ముందుకేశాడు. "రోజంతా నా మిషన్ రొద వినేవాణ్ణి మింగ్‌ఫాగారూ, మీ అమ్మాయి వాయిద్యం నాకు జోలపాట" అన్నాడు. ఇంత మంచివాళ్ళ మధ్య ఉండాల్సి వచ్చినందుకు మింగ్‌ఫాకి ఏడుపొచ్చింది.

మంగళవారం సాయంత్రం బియున్ తల్లిదండ్రుల సమావేశానికని బడికి వెళ్ళింది. మింగ్‌ఫా కూతురి పక్కన చేరాడు.

"నీకు పాటే దొరకడం లేదు కదే పాపం. అందరికీ తెలిసిన పాట ఒకటి వాయించు, మనసారా."

"ఏ పాట నాన్నా?"

"చెత్తబండి పాట."

మా ఊళ్ళో ఆ పాట తెలియని ప్రాణి లేదు. బుధవారం, ఆదివారం తప్ప రోజూ సాయంత్రం పచ్చటి బండి ఆ పాట మోగించుకుంటూ సందు మొదట్లోకి వస్తుంది. సంచీ ముందే తెచ్చి నేలమీద పెట్టడానికి వీల్లేదు, ఎవరి చెత్త వాళ్ళు బండిలోకి అందించాలి. బండేమో నిలబడ్డట్టే నిలబడి వెళ్ళిపోతుంది. అందుకని ఆ పాట చెవిన పడితే అన్నం ముందున్నవాడు లేస్తాడు, స్నానంలో ఉన్నవాడు తువ్వాలు చుట్టుకుంటాడు.

అదే పాట పదే పదే వింటే ఎంత మంచివాళ్ళకైనా ఒళ్ళు మండదా అన్నది మింగ్‌ఫా ఎత్తు. చాలదన్నట్టు, పాటలు పాడుకునే పాత కరవోకే స్పీకరు బాల్కనీలోకి ఈడ్చి, మైకు తెచ్చి వయొలిన్ పక్కన పెట్టాడు.

యూచెన్ వాయించింది. ఇన్నాళ్ళూ ఝుం చక చకలతో సరిపెట్టుకున్న పిల్ల, మొదటిసారి పాట చేతికందేసరికి ప్రాణం పెట్టి వాయించింది. స్పీకరులోంచి వచ్చేసరికి అది అచ్చం బండి పాటే.

మెట్ల మీద ధన ధన ధన. పది వాటాల జనం సంచులతో పరుగో పరుగు. పళ్ళ డాక్టరు సగం గడ్డం గీసుకుని దిగాడు. మిరపకాయ పిన్ని రొయ్యల పొట్టు బకెట్టుతో అందరికంటే ముందుంది. సందు మొదట్లో నిలబడి చూశారు, చూశారు. బండి లేదు. మునిసిపాలిటీని నాలుగు తిట్టి, మెట్లెక్కారు. ఎక్కీ ఎక్కగానే మళ్ళీ పాట. మళ్ళీ పరుగు.

రెండోసారి పిన్ని తలెత్తి చూసింది. ఐదో అంతస్తు బాల్కనీలో స్పీకరు, దాని వెనక యూచెన్ జడ.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! నువ్వుటే!"

అందరూ పడీ పడీ నవ్వుకుని పైకి పోయారు. కాసేపటికి మళ్ళీ పాట వినిపించింది. "ఈసారి చస్తే దిగం" అనుకున్నారు అందరూ. అన్నాలు తింటూ మెచ్చుకున్నారు కూడా. "పిల్ల చెయ్యి భలే తిరిగిందే, ఇందాకటికంటే ఇంకా బాగా వాయిస్తోంది!"

ఆ వాయించింది పిల్ల కాదు. అసలు బండి. వచ్చింది, నిలబడింది, వెళ్ళిపోయింది.

మర్నాడు బుధవారం, బండి రాని రోజు. సెప్టెంబరు ఉక్కలో రొయ్యల పొట్టు ఊరుకుంటుందా? సాయంత్రానికల్లా మెట్ల మీద ముక్కు పెట్టేందుకు లేదు. మిరపకాయ పిన్ని బకెట్టు పట్టుకుని ఐదంతస్తులూ ఎక్కింది, వెనకాల మేడ మేడంతా. బియున్ తలుపు తీసింది.

మింగ్‌ఫా సోఫాలోంచి ఎగిరి దూకాడు. "వచ్చారు! బియున్, వచ్చారు! మాటిచ్చావు, గుర్తుందిగా?"

"ఏమిటయ్యా నీ సంబరం, పెళ్ళివారొచ్చినట్టు?" అంటూ పిన్ని బకెట్టు ఆయన కాళ్ళ ముందు దించింది. "ఆ స్పీకరు ఎవరిది?"

యూచెన్ గదిలోంచి వచ్చింది.

"తప్పయింది బామ్మా. నాన్న ఆ పాట వాయించమన్నాడు, స్పీకరూ నాన్నే పెట్టాడు. ఇంకెప్పుడూ వాయించను. నా సాధన మాత్రం మానిపించకండి. వచ్చేవారమే పరీక్ష. తప్పితే నన్ను వేదిక ఎక్కనివ్వరు."

బియున్ మొగుడికేసి చూసింది. ఆ చూపు ఎలాంటిదో పెళ్ళయినవాళ్ళకి చెప్పక్కర్లేదు, కానివాళ్ళకి చెప్పినా తెలియదు.

"పిన్నీ, నేను మాట తప్పను" అంది నెమ్మదిగా. "మీలో ఏ ఒక్కరు వద్దన్నా పిల్ల ఈ పూటే సాధన మానేస్తుంది. ఎవరూ వద్దనకపోతే మాత్రం, పోటీ అయ్యేదాకా, మా అమ్మాయి సాధన చేసిన ప్రతిరోజూ అన్ని వాటాల చెత్తా మా ఆయనే కిందికి మోస్తారు."

మెట్ల మీద జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"సాధన చెయ్యని రోజున?" అని అడిగాడు పళ్ళ డాక్టరు జాగ్రత్తగా.

"ఎవరి సంచీ వాళ్ళదే."

పిన్ని వెనక్కి తిరిగి అందరినీ పరకాయించి చూసింది. "ఈ పిల్లని వాయించొద్దన్నవాడెవడో ముందుకు రావాలి. నడ్డి విరగ్గొడతా. నువ్వు వాయించవే తల్లీ, చేతులు నొప్పెడితే నేనొచ్చి పిసుకుతా."

"నేనొప్పుకోలేదు!" అన్నాడు మింగ్‌ఫా.

"మిమ్మల్ని అడిగిందెవరు?" అంది బియున్.

ఆ రోజు నుంచి యూచెన్ వైభవం చూడాలి! బడి నుంచి రావడం ఐదు నిమిషాలు ఆలస్యమైతే చాలు, బాల్కనీల్లోంచి పరామర్శలు. "ఇంకా మొదలెట్టలేదేం తల్లీ? ఒంట్లో బాగుందా?" దగ్గితే అల్లం టీ, తుమ్మితే జామకాయలు. ఒకసారి తీగ తెగితే డాక్టరు స్కూటరేసుకుని పరిగెత్తి కొత్తది తెచ్చాడు. అంత సాధన చేసిన పిల్ల పరీక్షలో ఎందుకు తప్పుతుంది? ఒక్క స్వరం తడబడకుండా నెగ్గింది. వేదిక మీద కుర్చీ దక్కింది.

మింగ్‌ఫాకి దక్కినవి సంచులు. రోజూ ఐదంతస్తులూ దిగీ ఎక్కీ, బేస్‌బాల్ ఆటలో ఎవరు గెలిచారో మర్నాడు ఆఫీసులో అడిగి తెలుసుకునేవాడు. పోటీ రోజు కోసం ఆయన ఎదురుచూసినట్టు ఆ బృందంలో ఏ పిల్లా చూసి ఉండదు.

ఆ రోజూ వచ్చింది. హాల్లో దీపాలు తగ్గాయి. నల్లబట్టల్లో పిల్లలంతా ఒక్కలాగే ఉన్నారు. వయొలిన్ కమానులు లేచాయి. జనమంతా మొదటి వయొలిన్ల పాట వింటున్నారు. మింగ్‌ఫా చెవులు మాత్రం దాన్ని దాటుకుని వెనక్కి పోయాయి. ఝుం చక చక, ఝుం చక చక. ఉప్పనుకున్నది ఎక్కడ కలవాలో అక్కడ కలుస్తోంది. ఆ కాస్తా లేకపోతే పాటంతా చప్పబడిపోదూ! దీన్నా నేను మానిపించబోయాను అనుకున్నాడు. సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది. బియున్ చూడకుండా చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకుంటే, బియున్ అటు చూడకుండానే రుమాలు అందించింది.

ఫలితం చదివారు. నగరంలో మొదటి స్థానం యూచెన్ వాళ్ళ బడిదే!

మింగ్‌ఫా కుర్చీలోంచి ఎగిరాడు. "మా పిల్ల! రెండో వయొలిన్! మా పిల్ల!" అని అరిచి, పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని పెద్దమనిషిని కౌగిలించుకున్నాడు. ఇంతలో తన కేకని మించిన కేకలు వెనక వరసలోంచి వినిపించాయి. తిరిగి చూస్తే మేడ మేడంతా అక్కడే ఉంది. డాక్టరు ఈల వేస్తున్నాడు. మిరపకాయ పిన్ని నడుం నొప్పి మరిచిపోయి గెంతుతోంది.

"చూశావా బియున్, మన పిల్లంటే వీళ్ళకెంత ప్రేమో!" అన్నాడు మురిసిపోతూ.

"ఉండదూ మరి? నగరంలో నెగ్గినవాళ్ళకి మార్చిలో జాతీయ పోటీ. అప్పటిదాకా ఇంట్లో సాధన ఒక్కరోజు కూడా మానకూడదని మాస్టారి ఆజ్ఞ."

మింగ్‌ఫా నెమ్మదిగా కూర్చున్నాడు. వెనక నుంచి పిన్ని వంగి ఆయన భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేసింది.

"మధ్యలో కొత్త సంవత్సరం వస్తుంది కదా నాయనా. అందరం ఇళ్ళు దులుపుకుంటాం. చెత్త కాస్త ఎక్కువే ఉంటుంది, ఏమీ అనుకోకేం?"